ఆర్‌ఓ-3306: సీడీకే1 నిరోధకంతో నా ప్రయోగశాల అనుభవం

కణాలను విభజన ముంగిట నిలిపి, కావలసిన క్షణంలో అన్నింటినీ ఒకేసారి వదలాలనుకునేవారికి నేను మొదట సూచించే రసాయనం ఆర్‌ఓ-3306. 2006లో వెలుగులోకి వచ్చిన ఈ చిన్న అణువు, కణాన్ని విభజనలోకి నడిపించే సీడీకే1 అనే కైనేజ్‌లో (ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లో), కణానికి శక్తినిచ్చే ఏటీపీ చేరవలసిన చోటును ఆక్రమిస్తుంది. అంతకుముందు నేను చాలాకాలం నోకోడజోల్ వాడాను. అది మైక్రోట్యూబ్యూళ్లనే సన్నని ప్రోటీన్ గొట్టాలను విడగొట్టి కణాన్ని ఆపుతుంది కాబట్టి, విభజనలో క్రోమోజోములను పంచే ఆ గొట్టాల కండె ఎలా ఏర్పడుతుందో చూడవలసిన ప్రయోగంలో ఆ కండెనే ముందుగా చెరిపివేసినట్లవుతుంది. ఆర్‌ఓ-3306 కణాన్ని విభజనకు ముందరి జీ2 దశ చివరనే ఆపుతుంది, కండె జోలికి పోదు.

దీని అసలు విలువ కడిగివేశాక తెలుస్తుంది. జీ2లో నిలిచిన కణంలో, సీడీకే1ను పనిచేయించే సైక్లిన్ బి1 అనే ప్రోటీన్ అప్పటికే పోగుపడి ఉంటుంది కనుక, నిరోధకం తొలగగానే సీడీకే1 పనిలోకి దిగుతుంది. ప్రయోగశాలల్లో పెంచే హీలా అనే మానవ కణాలను 9 మైక్రోమోలార్ మోతాదులో రాత్రంతా ఉంచి, ఉదయం కడిగి సూక్ష్మదర్శిని కింద పెడితే, పళ్లెం అడుగున పరుచుకుని ఉన్న కణాలు ఒక్కొక్కటిగా అంచులు వదిలి ముడుచుకుంటూ, మెరిసే గుండ్రని బిందువుల్లా లేస్తాయి. గంట ప్రాంతంలో క్రోమోజోములు మధ్యరేఖ మీద బారులు తీరుతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యం ముందు నుంచి నాకు లేవబుద్ధి కాదు.

మోతాదు విషయంలో మాత్రం చేయి జారకూడదు. శుద్ధ ఎంజైమ్‌తో పరీక్షించినప్పుడు సీడీకే1-సైక్లిన్ బి1 మీద దీని నిరోధక స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే పట్టు అంత ఎక్కువ) 20 నానోమోలార్, డీఎన్‌ఏ నకలుకు తోడ్పడే సోదర కైనేజ్ సీడీకే2-సైక్లిన్ ఇ మీద 340. తేడా 17 రెట్లే. కణంలోని ఏటీపీతో పోటీపడటానికి మైక్రోమోలార్ (నానోమోలార్‌కు వెయ్యి రెట్లు) మోతాదు తప్పదు కాబట్టి, ఇంకా పెంచితే సీడీకే2 కూడా అణగిపోయి, కొన్ని కణాలు జీ2కి చేరకముందే చిక్కుకుంటాయి. మరీ ఎక్కువసేపు ఉంచితే కొన్ని విభజన లేకుండానే డీఎన్‌ఏను మళ్లీ నకలు చేసుకుంటాయి, కొన్ని చనిపోతాయి. నేను 20 గంటలు దాటనివ్వను.

పసుపు రంగు పొడి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో సులువుగా కరుగుతుంది. మిల్లీగ్రాముకు సుమారు 285 మైక్రోలీటర్లు పోస్తే 10 మిల్లీమోలార్ ద్రావణం సిద్ధమవుతుంది. అయితే నేను కొన్నచోట ఇచ్చిన సూచనల కాగితంలో కడగడం గురించి ఒక్క మాటైనా లేదు. మొదటిసారి ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని మాధ్యమంతో (కణాలను పెంచే పోషక ద్రవంతో) ఒక్కసారే కడిగి, రెండు గంటలు ఎదురుచూసినా కణాలు కదలక, వారం రోజుల పని పోగొట్టుకున్నాను. ఇప్పుడు 37 డిగ్రీల మాధ్యమంతో మూడుసార్లు కడుగుతున్నాను. గుండ్రబడిన కణాల పట్టు సడలి మాధ్యమంతోపాటే కొట్టుకుపోతాయి కాబట్టి, అవి లేవకముందే, ఐదు నిమిషాలలోపు, ఈ కడుగులన్నీ ముగించుకోవాలి.