స్పిట్‌ఫైర్ నుంచి విక్రాంత్ దాకా: మోడళ్లకు రిఫరెన్సులు ఎక్కడ దొరుకుతాయి, ఎంతవరకు నమ్మొచ్చు

నల్గొండలో ఉంటూ యుద్ధవిమానాల, యుద్ధనౌకల స్కేల్ మోడళ్లు కట్టేవాళ్లకు ఇప్పుడు కిట్ దొరకడం పెద్ద కష్టం కాదు. ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది, లేదా హైదరాబాద్ పోయినప్పుడు తెచ్చుకోవచ్చు. అసలు తలనొప్పి డబ్బా విప్పాక మొదలవుతుంది. ఇది ఏ ఏడాది విమానం, కింద ఏ రంగు, గుర్తులు ఎక్కడెక్కడ? ఏళ్ల తరబడి ఇలాంటి ప్రశ్నలతో నేను వాడుతూ వస్తున్న వనరుల మీద ఈ సమీక్ష. నా తీర్పు ముందే చెప్పేస్తా: ఎప్పుడు తీశారో తెలిసిన ఒక్క నలుపు తెలుపు ఫోటో ముందు మిగతావన్నీ దిగదుడుపే.

నేను ఎక్కువగా కట్టేది రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం 152 స్క్వాడ్రన్ నడిపిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు. దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. బ్యాడ్జి మీద నిజాం తలపాగా కూడా ఉంటుంది. అప్పట్లో నల్గొండ జిల్లా నిజాం రాజ్యంలోదే కాబట్టి, ఆ విమానాల్లో ఒక రివెట్టయినా మా తాతలు కట్టిన శిస్తుతో కొట్టిందే అయ్యుంటుందని మా ఇంట్లో జోకు.

ఈ స్పిట్‌ఫైర్ దగ్గరే తేదీ విలువ తెలిసొస్తుంది. 1940లో పైన ముదురాకుపచ్చ, మట్టిరంగు మారలేదు. కింది వైపు మాత్రం ఏడాది మొదట్లో ఒక రెక్క నలుపు, ఇంకోటి తెలుపు. మే నెలలో పక్కల ఉండే రౌండెల్ (గుండ్రటి దేశ చిహ్నం) చుట్టూ పసుపు వలయం వచ్చింది, తోక మీద మూడు రంగుల పట్టీలు వచ్చాయి. జూన్ నుంచి కిందంతా 'స్కై' అనే లేత పచ్చ. నవంబర్ చివర్లో స్పిన్నరుకూ (ప్రొపెల్లర్ మధ్యనుండే మొన) తోక ముందు పట్టీకీ అదే స్కై వేసి, ఎడమ రెక్క కింద మళ్లీ నలుపు కొట్టమన్నారు. 152 స్క్వాడ్రన్ వార్మ్‌వెల్ స్థావరానికి చేరింది జూలైలో. కాబట్టి వార్మ్‌వెల్‌లో తీసిన ఫోటోలో తోక ముందు స్కై పట్టీ లేదంటే అది దాదాపుగా ఆ వేసవి, శరదృతువుల నాటిదే. కిట్‌తో వచ్చే రంగుల పటానికి ఈ పట్టింపు ఉండదు. ఏడాది మొదటి నాటి నలుపు తెలుపు రెక్కలు, నవంబర్ చివరి పట్టీ ఒకే విమానం మీద వేసిన పటాలు నేను చూశాను.

ఫోటోల కోసం నేను మొదట తెరిచేది లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ల ఆన్‌లైన్ సేకరణ. బ్రిటన్‌లో తీసిన వైమానిక దళం ఫోటోల నంబర్లు సీహెచ్‌తో, నౌకాదళానివి ఏతో మొదలవుతాయి. అది గుర్తుంటే వెతకడం సులువు. ఒక ఫోటో దొరికితే దాని ముందు వెనక నంబర్లూ చూడండి. ఫోటోగ్రాఫర్ అదే పూట అదే విమానాన్ని ఇంకో వైపు నుంచి కూడా తీసి ఉండొచ్చు. ఉచితంగా కనిపించే బొమ్మ సైజు చిన్నదే, రివెట్లు లెక్కపెట్టేవాళ్లకు అది చాలదు.

ఆ ఫోటోలు చదవడం వేరే విద్య. అప్పటి కొన్ని ఫిల్ములకు ఎరుపు, పసుపు రంగులు అంతగా అందేవి కావు. అలాంటి ఫిల్మ్ మీద పసుపు వలయం నల్లటి గీతలా పడుతుంది, నీలం తెల్లబోతుంది. వలయం లేదనుకుని వదిలేసే ముందు, ఎరుపు చుక్క ఎంత నల్లగా ఉందో, నీలం ఎంత పాలిపోయిందో చూసుకోవాలి. ఇక సెన్సార్ వాళ్ల పని ఒకటి. యుద్ధకాలంలో ఓడల ఫోటోల్లో స్తంభం పైనున్న రాడార్‌ను చెరిపేసేవాళ్లు. స్తంభం కొస దగ్గర ఆకాశం మిగతా చోట కంటే నునుపుగా, మచ్చలా కనిపిస్తే అక్కడేదో ఉండేదనే లెక్క.

ఫోటో తర్వాత నేను నమ్మేది స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో 'ఎయిర్ 27' అనే వరుసలో ఉన్నాయి, డిజిటల్ ప్రతులు దించుకోవచ్చు. ఏ రోజు ఏ పైలట్ ఏ సీరియల్ నంబరు విమానంలో ఎగిరాడో ఉంటుంది. విమానం పక్కల మీద రాసే కోడ్ అక్షరం మాత్రం సాధారణంగా ఉండదు, దాన్ని ఫోటోతోనే జత చేసుకోవాలి. టైపు అక్షరాలు కొన్ని పేజీల్లో అలుక్కుపోయి ఉంటాయి, ఫోన్‌లో చదవాలనుకుంటే కళ్లు పోతాయి.

డ్రాయింగుల గురించి రెండు ముక్కలు. ఒక చోట డబ్బు కట్టి దించుకున్న ప్లాను పాత పత్రిక స్కాన్ అని తేలింది, మడత గీతలతో సహా. మంచి డ్రాయింగ్ దొరికినా ప్రింటు దగ్గర చెడుతుంది. క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులో "సార్, పేజీకి సరిపోయేటట్టు కొట్టాల్నా?" అని అడుగుతారు. వద్దనండి, వంద శాతం అని చెప్పండి. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. 1/72లో, అంటే అసలులో 72వ వంతు సైజులో, అది 156 మిల్లీమీటర్లు రావాలి. షాపులోనే స్కేలు పెట్టి కొలిచి డబ్బులివ్వండి.

మ్యూజియంలు ఆకారానికి బంగారం, రంగుకి దండగ. విశాఖ బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామినే చూడండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరయిన ఫాక్స్‌ట్రాట్ తరగతిది. రాత్రి రైలెక్కితే పొద్దున్నే అక్కడుంటాం. నీళ్లలో ఉన్నప్పటి ఫోటోల్లో సగానికి పైగా శరీరం కనిపించదు. ఇక్కడ నేల మీద ఉంది కాబట్టి వెనక మూడు ప్రొపెల్లర్లు, చుక్కాని, కడుపు వంపు అన్నీ చూడొచ్చు. 91 మీటర్ల పొడవు 1/350లో 26 సెంటీమీటర్లవుతుంది. ఆ వంపు సరిగ్గా రాకపోతే మోడల్ పైపు ముక్కలా ఉంటుంది. కానీ ఉప్పుగాలికి మళ్లీ మళ్లీ వేసిన పెయింటును చూసి రంగు కలపకండి.

లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో ఎఫ్1010 నంబరు డీహెచ్.9ఏ ఉంది, మొదటి ప్రపంచయుద్ధం నాటి బాంబర్. నిజాం కానుకగా ఇచ్చిన విమానమే. 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కి, బెర్లిన్, పోలండ్ తిరిగి 1977లో బ్రిటన్ చేరింది. దాని మీద 'హైదరాబాద్' అని రాసి ఉన్న అక్షరాల ఫోటోలను కళ్లారా చూసుకోవచ్చు. అంత తిరిగిన విమానం మీద ఇప్పుడున్న రంగు మాత్రం పునరుద్ధరణలో వేసిందే.

మన నౌకల దగ్గరకొస్తే కథ మారుతుంది. పాత విమానవాహక నౌక విక్రాంత్ ఫోటోలు కుప్పలుగా దొరుకుతాయి, కానీ ఎక్కువ భాగం 1997లో రిటైరై ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పటివి. వాటిలో ముందు భాగం పైకి లేచిన స్కీ జంప్ ఉంటుంది. 1971లో కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీదికి సీ హాక్ యుద్ధవిమానాలను పంపినప్పుడు డెక్ ముందు వైపు చదునుగా ఉండేది, విమానాల్ని ముందుకు విసిరే ఆవిరి కాటపల్ట్ ఉండేది. స్కీ జంప్ సీ హారియర్ విమానాల కోసం తర్వాత పెట్టింది. మ్యూజియం ఫోటో చూసి దాని మీద సీ హాక్‌లు, అలీజె విమానాలు పేర్చిన మోడళ్లు ఎన్ని ఉన్నాయో చెప్పలేను. ఓడను 2014లో విరిచేశారు కాబట్టి వెళ్లి కొలిచే అవకాశమూ లేదు. గోవా నౌకాదళ విమాన మ్యూజియంలో సీ హాక్, అలీజె రెండూ ఉన్నాయి, కానీ అక్కడి రంగుకీ కుర్సురా నియమమే.

ఈ లోటు తీర్చగలిగేవి ఇళ్లలోని ఆల్బమ్‌లే. మీ పెద్దనాన్నో మేనమామో అరవైల్లో, డెబ్బైల్లో నేవీలోనో ఎయిర్‌ఫోర్స్‌లోనో చేసి ఉంటే, బీరువాలో డెక్ మీద నలుగురు నిలబడి దిగిన ఫోటో ఒకటి ఉండకపోదు. స్కాన్ చేసేటప్పుడు దయచేసి వెనక వైపు కూడా చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన ఊరు, తేదీ అక్కడే ఉంటాయి.