అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా: ఎండాకాలంలో కోనసీమ

వేసవి సెలవుల్లో కోనసీమ అనగానే ఉక్కపోతకు భయపడి చాలామంది వెనకాడతారు. ఉక్కపోత నిజమే. కానీ పొద్దున ఒక బీచ్, సాయంత్రం ఇంకో బీచ్ పెట్టుకుని, మధ్యాహ్నం కొబ్బరితోటల నీడన గడిపేలా చూసుకుంటే పిల్లలతో, పెద్దవాళ్లతో కూడా హాయిగా తిరిగి రావచ్చు.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి నరసాపురంలో దిగాం. అక్కడే కారు మాట్లాడుకున్నాం. చించినాడ వంతెన మీదుగా కూడా కోనసీమలోకి వెళ్లొచ్చు గానీ, మొదటిసారి వచ్చేవాళ్లు పంటు మీదే, అంటే బళ్లనీ మనుషుల్నీ నది దాటించే పెద్ద పడవ మీదే, దాటండి. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. కార్లు, బైకులు, కూరల బుట్టలు, పెళ్లికి పోయేవాళ్లు, అందరూ ఒకే పంటు మీద. "ఇంకాస్త ముందుకి లాగండి, ఎనకాల బళ్లున్నాయండాయ్" అంటూ పంటు కుర్రాడు మా కారు చక్రం కింద చెక్క పెట్టాడు. మా అత్తయ్యగారు గోదారమ్మకు దండం పెట్టి రూపాయి బిళ్ల వేశారు. ఆ కాస్త టికెట్ డబ్బులకి ఇంత మంచి షికారు ఇంకెక్కడా దొరకదు.

అంతర్వేదిలో ముందు గుడికి వెళ్దామన్నాడు డ్రైవరు. ముందు సముద్రానికే పొమ్మన్నాం. ఎండెక్కితే ఇసుక మీద కాలు పెట్టలేం, గుడి మండపం ఎలాగూ చల్లగానే ఉంటుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఇసుక మేటను అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒక పక్క కెరటాలు విరుగుతుంటే, ఇంకో పక్క నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. చిన్న చిన్న ఎర్ర పీతలు మన అడుగు చప్పుడుకే బొరియల్లోకి దూరిపోతాయి. మా పాప నది వైపు నీళ్లు నోట్లో వేసుకుని "ఇవీ ఉప్పగానే ఉన్నాయి నాన్నా" అంది. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దాటి కిందికొచ్చే నీళ్లు తక్కువ, పోటు సమయానికి సముద్రమే నదిలోకి ఎక్కుతుంది. అందుకే ఆ ఉప్పు.

ఇక్కడ మోకాలి లోతు దాటొద్దు. పైకి ప్రశాంతంగా కనిపించే నది వైపే లాగుడు ఎక్కువని పడవతను గట్టిగా చెప్పాడు. ఇంకో సంగతి, మేం దిగిన చోట ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి ఒక్క గది కూడా కనబడలేదు. ఇంతమంది యాత్రికులు వచ్చే చోట ఇది చాలా బాధ కలిగించింది. బట్టలు మార్చుకునే ఏర్పాటు మీరే చూసుకుని వెళ్లండి.

లక్ష్మీనరసింహస్వామి ఇక్కడ పడమటి ముఖంగా ఉంటాడు. ఇప్పటి గుడిని 1823లో పూర్తిచేయించింది కొపనాతి కృష్ణమ్మ అనే అగ్నికులక్షత్రియ దాత. 2020లో పాత రథం కాలిపోయాక చేయించిన కొత్త రథాన్నీ చూశాం.

రాజోలు దారిలో భోజనానికి ఆగితే, ఒక హోటల్లో "పులస ఉందండి" అన్నారు. మే నెలలో పులసేమిటి! సముద్రంలో తిరిగే ఇలస, వరదలకు గోదావరిలో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఎదురీదుతూ నదిలోకి ఎక్కితేనే పులస అవుతుంది. వేసవిలో ఆ పేరు చెప్పి పెద్ద రేటు అడిగితే నమ్మకండి. మేం పండుగప్ప పులుసు తిన్నాం, చాలా బాగుంది.

ఎండ ముదిరిన వేళంతా అప్పనపల్లి వైపు గడిపాం. బాలబాలాజీ దర్శనం తొందరగానే అయింది. వైనతేయ గోదావరి ఒడ్డున తోటలో కొబ్బరికాయల ఒలుపు పని చేస్తున్న పెద్దాయన దగ్గర మాత్రం పిల్లలు కదల్లేదు. నేలలో పాతిన ఇనప మొనకు కాయ గుచ్చి, రెండుమూడు తిప్పుల్లో డొక్క మొత్తం ఊడదీస్తున్నాడు. పాపకి బొండాం కొట్టిచ్చి డబ్బులు వద్దన్నాడు. ఆదుర్రు బౌద్ధ స్తూపం ఆ దగ్గర్లోనే ఉంది. ఇటుకల దిబ్బే గానీ, చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు ఆగాల్సిందే.

పాశర్లపూడి మీదుగా వెళ్తుంటే 1995లో గ్యాస్ బావి అదుపు తప్పి 65 రోజులు మండిన బ్లోఅవుట్ గురించి డ్రైవరు చెప్పుకొచ్చాడు. ఓడలరేవు చేరేసరికి ఎండ వాలింది. అంతర్వేదితో పోలిస్తే జనం తక్కువ, తీరం వెడల్పు, పిల్లలు పరుగెత్తడానికి బోలెడు చోటు. సాయంత్రానికి నా ఓటు దీనికే.

రాత్రికి దిండిలో హౌస్‌బోట్ తీసుకున్నాం. వంట బ్రహ్మాండం, పిల్లలకి కారం తగ్గించి వేరేగా వండిపెట్టారు. అయితే రాత్రంతా ఏసీ అని చెప్పి, కరెంటు పోయాక ఫ్యాన్లు మాత్రమే తిప్పారు. అడిగితే సరైన జవాబు లేదు. అత్తయ్యగారికి నిద్రే లేదు. హౌస్‌బోట్‌ని పగలు గోదావరి మీద తిరగడానికి మాట్లాడుకుని, పడకకి ఒడ్డు మీద నది కనిపించే గది తీసుకోండి. జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా లేదా అన్నది డబ్బు కట్టకముందే ఫోన్లో తేల్చుకోండి.