మా భీముడికి అజిలిటీ ట్రైనింగ్, నెల్లూరు
మా భీముడు రాట్‌వీలర్ జాతి కుక్క. 11 నెలలకే 38 కిలోలు. మాగుంట లేఅవుట్‌లో వాకింగ్‌కి తీసుకెళ్తే వాడే నన్ను ఈడ్చుకెళ్లేవాడు. 3 నెలల క్రితం ఈ అజిలిటీ క్లాసులో, అంటే కుక్కల చేత అడ్డంకులు దాటించే శిక్షణలో చేర్పించాను. ట్రైనర్ మొదటి రోజే చెప్పాడు: "ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయన్నా, ఏడాదిన్నర దాకా ఎత్తులు దూకించకూడదు." కర్రలు నేల మీదే పెట్టి దాటించాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. టన్నెల్లోకి దూరడానికి వారం రోజులు భయపడ్డాడు. అవతల ఉడికించిన కోడి ముక్క చూపిస్తే ఒక్క ఉదుటున దూసుకొచ్చేశాడు! వరస కర్రల మధ్య మెలికలు తిరగడం ఇంకా రాలేదు, ఒళ్లు పెద్దది కదా. ఉదయం 5:30కి మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగిస్తారు. నీడ అసలు లేదు, ఒక షెడ్డు వేయాలి. ఇప్పుడు గేటు తీసి ఉన్నా "ఆగు" అంటే ఆగుతున్నాడు. దగ్గరికే రాని మా అమ్మ వాడికి తన చేత్తో అన్నం పెడుతోంది.