తలుపు మూసినా ఆరని లైటు

మా కారు 2006 మోడల్. నా చేతికి 2011లో సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఈ గొడవలో సగానికి పైగా తప్పు నాదే. మైలేజీ, పికప్ గురించి కూడా రాయను. ఈ వయసు పెట్రోలు బండి ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే, ఎత్తు ఎక్కాలంటే ఏసీ కట్టాలి. నేను రాయబోయేది డోర్ స్విచ్ గురించి. డోరు తీయగానే లోపల లైటు వెలిగించే నల్లటి చిన్న బటన్ గురించి.

కొన్న కొత్తలో ఆ లైటును తెగ మెచ్చుకునేవాణ్ణి. కారణం మా అమ్మ. మోకాళ్లు వంగవు, చీకట్లో చూపు ఆనదు. వెనక ఎడమ డోరు తీస్తే లైటు వెలుగుతుంది. ముందు సీటు మీద చెయ్యి ఆనించుకుంటుంది, తర్వాత కూర్చుంటుంది, ఆ తర్వాత కాళ్లు ఒక్కొక్కటీ లోపలికి లాక్కుంటుంది. ఇదంతా అయ్యేసరికి రెండు నిమిషాలు. అంతసేపూ ఎవరూ టార్చి పట్టుకోనక్కర్లేదు. మా దాంట్లో నాలుగు డోర్లకీ స్విచ్‌లున్నాయి. ముందు రెండు డోర్లకే పెట్టిన కార్లు చాలా చూశాను, అందుకే మాది గొప్పగా అనిపించేది.

ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలిందన్న సామెత నాకు సరిగ్గా చందనోత్సవం రోజున అర్థమైంది.

విశాఖలో ఉండేవాళ్లకి చెప్పనక్కర్లేదు. సింహాచలం అప్పన్న నిజరూపం చూడాలంటే ఏడాదికి అదొక్కటే రోజు, వైశాఖ శుద్ధ తదియ. తెల్లవారుజామున మూడింటికే కొండ కింద ఉండాలని అమ్మ పట్టు. రెండున్నరకి సెల్లార్‌లోకి దిగి, కవరు తీసి, తాళం తిప్పాను. టక్ టక్ టక్ మంది, సెల్ఫ్ తీసుకోలేదు. మళ్లీ తిప్పితే ఆ టక్ టక్ కూడా లేదు. అమ్మ పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ సంచితో లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. వాచ్‌మన్‌నీ, మూడో అంతస్తు కుర్రాణ్ణీ లేపి ర్యాంపు మీదికి తోయించాను. అక్కణ్ణుంచి రోడ్డు మీదికి దిగే వాలులో సెకండ్ గేరులో క్లచ్ వదిలితే బండి ఒక్క ఊపు ఊగి స్టార్టయింది. దారి పొడుగునా ఇంజిన్ ఆగిపోతుందేమోనని టెన్షన్. దర్శనానికి వెళ్లినంతసేపూ నా మనసు పార్కింగ్‌లోనే ఉంది.

మర్నాడు బ్యాటరీ షాపులో చూపిస్తే, మూడేళ్లయింది కదా సార్, దీని పని అయిపోయిందన్నారు. నిజమే అనుకుని కొత్తది వేయించాను. తొమ్మిది రోజులకి కొత్తదీ అలాగే పడుకుంది. అప్పుడు ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఎక్కడో ఎర్త్ కొడుతోంది గురువుగారూ, వైరింగ్ మొత్తం విప్పి చూడాలి, రెండ్రోజులు వదిలెయ్యండి" అన్నాడు. చందనోత్సవం ముందు రోజుల్లో బండి కదలకుండా ఉందా అనిగానీ, లోపల ఏమైనా వెలుగుతోందా అనిగానీ అడగలేదు. నాకూ తట్టలేదనుకోండి, ఆయన్ని అనడానికేముంది?

దొంగను పట్టించింది కరెంటు కోత. ఆ వేసవిలో ఒక రాత్రి కరెంటు పోతే, మోటారు సంగతి చూడ్డానికి సెల్లార్‌లోకి దిగాను. మామూలుగా అక్కడ రాత్రంతా ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. ఆ రోజు చిమ్మచీకటి. ఆ చీకట్లో మా కారు బూడిదరంగు గుడ్డ కవరు లోపల్నుంచి ఆకాశదీపంలా పచ్చగా మెరుస్తోంది. అయిదు నిమిషాలు అలాగే చూస్తూ నిలబడ్డాను. ఎన్ని రాత్రులు అలా వెలిగిందో! ఉప్పుగాలికి రంగు పోకూడదని నేను శ్రద్ధగా కప్పిన కవరే ఆ లైటు ఎవరి కంటా పడకుండా దాచింది.

లెక్క వేసుకుంటే ఆశ్చర్యం లేదు. లోపలి బల్బు 10 వాట్లు. 12 వోల్టుల మీద అది ముప్పావు ఆంపియర్‌కి కాస్త పైగా తాగుతుంది. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. కాగితం మీద నలభై గంటలు వస్తుంది గానీ, సెల్ఫ్ తిరగడానికి కావలసిన బలం అందులో సగానికే పోతుంది. అంటే ఒక రాత్రి, ఒక పగలు చాలు. ఆ వేడికి లైటు మీది ప్లాస్టిక్ మూత మధ్యలో గోధుమ రంగు తిరిగింది కూడా. అది చూసి పాతదైపోయి రంగు మారిందనుకున్నాను.

ఈ స్విచ్ పనిచేసే తీరు చిన్నపిల్లలకి కూడా చెప్పొచ్చు. బల్బుకి ఒక పక్క ఫ్యూజు మీదుగా ఎప్పుడూ కరెంటు ఉంటుంది. రెండో పక్క నుంచి ఒక్కటే వైరు స్విచ్ దాకా వస్తుంది. డోరు తీస్తే స్ప్రింగు బటన్‌ని బయటికి నెట్టి, ఆ వైరును స్క్రూ ద్వారా కారు బాడీకి తగిలిస్తుంది. ఎర్త్ దొరికింది కాబట్టి లైటు వెలుగుతుంది. డోరు మూస్తే బటన్ లోపలికి నొక్కుకుని ఎర్త్ తెగుతుంది. నాలుగు స్విచ్‌లూ ఆ ఒక్క వైరుకే కలుస్తాయి. ఏ ఒక్కటి పూర్తిగా నొక్కుకోకపోయినా లైటు ఆరదు.

మరి నాలుగింటిలో ఏది? మల్టీమీటరు లేకుండానే తేలింది. అన్ని డోర్లూ మూసి లైటు వెలుగుతుండగా, ఒక్కో డోరే తీసి దాని బటన్‌ని వేలితో చివరిదాకా నొక్కాను. ముందు రెండూ నొక్కితే ఏమీ కాలేదు. అమ్మ ఎక్కే డోరు బటన్ నొక్కగానే లైటు ఆరింది. వేలు తీస్తే వెలిగింది. మూడుసార్లు చేసి చూశాను, అదేదో ఆటలాగా.

కారణం చూస్తే సిగ్గేసింది. బటన్ తల మీద ఉండాల్సిన రబ్బరు టోపీ అరిగి సగమైంది. అది ఒక కారణం. రెండోది నా నిర్వాకం. చందనోత్సవానికి పది రోజుల ముందు ఆ డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండి పగిలి వాన నీళ్లు కారుతున్నాయని, గాజువాక ఆటోనగర్‌లో మీటర్ల లెక్కన కొత్తది కొని నేనే వేశాను. అసలు దానికంటే అది కాస్త మందం. డోరు బాగా టైటుగా పడుతోంది, గాలి చప్పుడు కూడా తగ్గిందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ఆ మందం డోరును ఒక మిల్లీమీటరు బయటికి నెట్టింది. దబ్బున వేస్తే లైటు ఆరేది, కాసేపటికి రబ్బరు ఉబ్బి డోరును వెనక్కి తోస్తే మళ్లీ వెలిగేది. నేను చూస్తున్నప్పుడు ఆరి, కవరు కప్పాక వెలిగేదన్నమాట. బీడింగ్ ఇప్పటికీ బాగుంది, వాన నీళ్లు రావట్లేదు. కాకపోతే దాని ఖరీదులో ఒక బ్యాటరీ కూడా కలుపుకోవాలి.

స్విచ్ విప్పడమంటే ఒక్క స్క్రూ, స్టార్ డ్రైవర్ చాలు. ఆ ధీమాతో లాగాను. వైరు చివర ఉన్న క్లిప్పు ఊడి, వైరు సర్రున డోరు పక్కనుండే బాడీ స్తంభం లోపలికి జారిపోయింది. చిటికెన వేలు పట్టే కన్నం, లోపల చీకటి. మా ఆవిడ పైనుంచి, "ఏవండీ, అయిదు నిమిషాల పనన్నారు, టిఫిను చల్లారిపోతోంది" అని రెండుసార్లు ఫోన్ చేసింది. సైకిల్ చువ్వ కొసని కొక్కెంలా వంచి గంటంపావు తవ్వితే ఎరుపు నలుపు చారల వైరు కొస కనిపించింది. ఈ పని ఎవరైనా చేసుకుంటే నాదొకటే మాట: స్విచ్ అంగుళం బయటికి రాగానే, క్లిప్పు ఊడదీసే ముందు, వైరుకి బట్టల క్లిప్పు ఒకటి పెట్టండి. ఆ తర్వాత అది ఎక్కడికీ పోదు.

కొత్త స్విచ్ ఆటోనగర్‌లో అరవై రూపాయలకి దొరికింది. ఒరిజినల్ కాదు. బిగించి చూస్తే దాని బటన్ పాతదానికంటే పొట్టి, లైటు అసలే ఆరలేదు. తిరిగి పాత స్విచ్చే పెట్టి, తెగిపోయిన హవాయి చెప్పు పట్టీలోంచి చిక్కుడు గింజంత ముక్క కోసి, డోరు అంచున బటన్ తగిలే చోట జిగురుతో అంటించాను. తాత్కాలికమే అనుకున్నాను. నాలుగేళ్లయింది, ఆ ముక్క అక్కడే ఉంది. ఈ కారు విషయంలో నన్ను నిజంగా సంతోషపెట్టింది ఏదంటే అదే. మా తమ్ముడి కొత్త కారులో ఈ స్విచ్ డోర్ లాక్ లోపలే ఉంటుంది. అది మొరాయిస్తే లాక్ మొత్తం మార్చాలన్నారు వాడికి. లోపలి గ్రీజు గట్టిపడినా అదే తంతు. వాడి కారు ముందు నా కారు ఎందుకూ పనికిరాదు గానీ, చెప్పు ముక్కతో బాగుచేసుకునే వీలు వాడికి లేదు.

డ్రైవరు వైపు స్విచ్‌కి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కారు బయటే ఉంది. కొన్నాళ్లకి ఆ డోరు తీస్తే లైటు వెలగడం మానేసింది. వైరు ఊడదీసి కొసని బాడీకి తాకిస్తే వెలిగింది, అంటే బల్బూ వైరూ బాగున్నట్టే. స్క్రూ కింద తుప్పు. ఎమరీ పేపర్‌తో రుద్ది, రాసుకునే వేజలిన్ కాస్త పూసి బిగించాను. సముద్రానికి ఇంత దగ్గర్లో ఇనుము బయటపెట్టి ఊరికే వదిలేస్తే మళ్లీ తుప్పే. రెండేళ్లకోసారి ఆ పని తప్పడం లేదు.

ఎల్ఈడీ బల్బు సంగతి కూడా చెప్పాలి. బ్యాటరీ భయంతో 10 వాట్లది తీసి, ఒక వాటు ఎల్ఈడీ పెట్టాను. మొదటి నెలంతా మా వీధిలో అందరికీ అదే సలహా ఇచ్చాను. వానాకాలం వచ్చేసరికి డోర్లన్నీ మూసినా అది మిణుగురులా మసగ్గా వెలుగుతూ ఉండేది. చెమ్మ పట్టిన స్విచ్‌లోంచి కారే రవ్వంత కరెంటు పాత బల్బుకి చాలదు, ఎల్ఈడీకి చాలుతుంది. దానికి బ్యాటరీ పడిపోదు. అయినా నాకు నిద్రపట్టలేదు, స్విచ్‌లన్నీ విప్పి ఆరబెట్టాను. ఎల్ఈడీ ఇప్పటికీ ఉంది. సలహా మాత్రం ఇవ్వడం మానేశాను.

ఇలాంటి కారు తీసుకోవచ్చా అని అడిగితే, నా సంగతి వేరు. రిటైరయ్యాను, వారానికి రెండుసార్లే బయటికి తీస్తాను, స్క్రూ డ్రైవర్ పట్టుకుంటే నాకు కాలక్షేపం. రోజూ తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సినవాళ్లకి చందనోత్సవం నాటి నా అవస్థ నెలకోసారి వచ్చినా కష్టమే. పైగా 2021లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 600 కట్టాను. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. ఈసారి కట్టాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

అమ్మ మాత్రం కారు దిగాక ఇప్పుడు నేరుగా లిఫ్టు దగ్గరికి వెళ్లదు. డోరు వేసి, అద్దానికి నుదురు ఆనించి లోపలికి చూస్తుంది. "ఆరింది నాయనా, ఇంక కవరు కప్పుకో" అన్నాకే కదులుతుంది.