రైస్ కుక్కర్ పెడితే ఆర్‌సీసీబీ పడిపోతుంటే: ఒక మరమ్మతు దుకాణంపై సమీక్ష

హైదరాబాదులో మేముండే ప్రాంతంలో మిక్సీలు, గ్రైండర్లు, గీజర్లు, రైస్ కుక్కర్లు బాగుచేసే ఒక చిన్న దుకాణం ఉంది. యజమానే మెకానిక్. పేరు రాయడానికి ఆయన అనుమతి తీసుకోలేదు కనుక దుకాణం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అయితే మా రైస్ కుక్కర్ లోపాన్ని ఆయన పట్టుకున్న పద్ధతి తెలిస్తే, ఇదే ఇబ్బంది ఉన్నవారు తమ ఊళ్లో ఎవరి దగ్గరికి వెళ్లినా ఏమి అడగాలో, ఏ మాటను నమ్మకూడదో తేల్చుకోగలుగుతారు.

మా కుక్కర్ 1.8 లీటర్లది, 700 వాట్లది. స్విచ్ వేసినప్పుడు మామూలుగానే పనిచేసేది. ఎసరు బాగా మరిగి మూత అంచుల నుంచి గంజి పొంగే వేళకు ఇల్లంతా కరెంటు పోయేది. డీబీ, అంటే ఇంటి కరెంటు స్విచ్‌ల పెట్టె తెరిచి చూస్తే, లోడు ఎక్కువైతే పడే వంటగది ఎంసీబీ ఎక్కడిదక్కడే ఉండేది. పడిపోయినది ‘టెస్ట్’ మీట ఉన్న ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపే రక్షణ స్విచ్, చాలా ఇళ్లలో నేటికీ ఈఎల్‌సీబీ అని పిలిచేది. రెండింటిలో ఏది పడిందన్నది చూసుకోకుండా ‘ట్రిప్ అవుతోంది’ అని మాత్రమే చెబితే ఏ మెకానిక్‌కైనా సగం సమాచారమే అందుతుంది. 230 వోల్టుల దగ్గర 700 వాట్ల కుక్కర్ తీసుకునే కరెంటు సుమారు 3 ఆంపియర్లు కనుక లోడు ఎక్కువై ఎంసీబీ పడే ప్రశ్న లేదు. ఆర్‌సీసీబీకి లోడుతో పనిలేదు. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా, లేక కొంత మరో దారిన ఎర్త్‌లోకి పోతోందా అన్నదొక్కటే అది చూస్తుంది. ఇళ్లలో పెట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ తేడా 15 దాటిన తర్వాత ఎప్పుడైనా పడవచ్చు, 30కి చేరితే మాత్రం పడి తీరాలి.

ఈ దుకాణానికి వెళ్లే ముందు రెండు చోట్ల సలహా తీసుకున్నాము. కుక్కర్ తయారుచేసిన కంపెనీ సర్వీసు కేంద్రంలో దానిని కౌంటరు మీది బోర్డుకు తగిలించి, ఎర్రదీపం వెలగడం చూపించి, ‘మా వస్తువులో ఏ లోపమూ లేదు, మీ ఇంటి వైరింగే చూపించుకోండి’ అన్నారు. ఆ బోర్డుకు ఆర్‌సీసీబీ ఉందా అని అడిగితే లేదన్నారు. లీకేజీని పసిగట్టే పరికరమే లేని చోట లీకేజీ కనబడకపోవడం పరీక్ష కిందికి రాదు. ఇక ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పినది ఇంకా ప్రమాదకరం: ప్లగ్గు నుంచి లావు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను తీసేస్తే మళ్లీ పడదన్నాడు. నిజమే, పడదు. ఎర్త్ తీగ తెగితే లీకయ్యే కరెంటుకు దారి ఉండదు కనుక అది కుక్కర్ లోహపు ఒంటి మీదే కాచుకుని ఉంటుంది. ఎవరైనా తడి చేత్తో ముట్టుకున్నప్పుడు వారి శరీరమే ఎర్త్ తీగ అవుతుంది. అప్పుడు ఆర్‌సీసీబీ పడుతుందేమో కానీ, షాక్ కొట్టిన తరువాతే పడుతుంది. 30 బదులు 100 మిల్లీ ఆంపియర్లది బిగిస్తాననే వారు కూడా ఉన్నారు. అది అగ్ని ప్రమాదం నుంచి కొంత రక్షణ ఇస్తుందే తప్ప మనిషి ప్రాణానికి భరోసా ఇవ్వదు.

దుకాణంలో మెకానిక్ కుక్కర్‌ను చేతిలోకి తీసుకోకముందే వేసిన ప్రశ్నలు నాకు నచ్చాయి. ప్లగ్గు పెట్టగానే పడుతోందా, స్విచ్ వేశాక పడుతోందా, అన్నం ఉడికే మధ్యలో పడుతోందా, లేక మీట పైకి లేచి ‘వార్మ్’లోకి మారాక పడుతోందా అని ఆయన అడిగారు. ఈ ప్రశ్నల వెనుక లెక్క ఉంది. మన సాకెట్ల స్విచ్ చాలావరకు ఫేజును మాత్రమే తెంపుతుంది. స్విచ్ ఆపి ఉన్నా ప్లగ్గు దూర్చగానే ఆర్‌సీసీబీ పడితే, ఇంట్లో మరేవో పరికరాలు నడుస్తున్నప్పుడు కుక్కర్ లోపల న్యూట్రల్ తీగ ఒంటికి తగులుతోందని అనుమానించాలి. స్విచ్ వేసిన క్షణమే పడితే ఫేజు నేరుగా ఒంటికి తగిలి ఉండవచ్చు. కాసేపు ఆగి పడితే వేడికో తడికో ఇన్సులేషన్ బలహీనమవుతోందన్నమాట. మాది మూడవ రకం.

ఆ తర్వాత ఆయన పాత మెగ్గర్, అంటే ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు తీశారు, చేత్తో తిప్పేది, 500 వోల్టులది. మల్టీమీటరుతో చూడరాదా అని అడిగాను. దాని బ్యాటరీ ఇచ్చే కొద్ది వోల్టులకు దాగిపోయే లోపం 500 వోల్టుల ముందు దాగదని చెప్పారు. ప్లగ్గు ఫేజు, న్యూట్రల్ పిన్నులను కలిపి ఒక తీగ, ఎర్త్ పిన్నుకు మరొక తీగ తగిలించి తిప్పితే, చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఒక మెగా ఓమ్‌కు (వెయ్యి కిలో ఓమ్‌లకు) తక్కువగానే నిలిచింది. మంచి కుక్కర్ అయితే అది చాలా పైన ఉండాలి. అయినా ఆ మాత్రానికి ఆర్‌సీసీబీ పడదు. 230 వోల్టులకు 30 మిల్లీ ఆంపియర్లు లీకవ్వాలంటే నిరోధం దాదాపు 7.7 కిలో ఓమ్‌లకు దిగాలి. కనుక గిన్నెలో నీళ్లు, గుప్పెడు బియ్యం వేసి తన బల్ల మీద, తన సొంత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న బోర్డుకు తగిలించి, పొంగేదాకా ఉడికించారు. అది పడింది. వెంటనే ప్లగ్గు పీకి మెగ్గర్ తిప్పితే ముల్లు సున్నా మీదికి పోయింది. సర్వీసు కేంద్రం వారు ఈ ఒక్క పని చేసి ఉంటే మా ఇంటి వైరింగు మీద నింద పడేది కాదు.

అడుగు ప్లేటు విప్పాక కారణం కంటికే కనబడింది. రైస్ కుక్కర్ హీటింగ్ ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద నిలిచే అయస్కాంత థర్మోస్టాట్ ఉంటుంది. దాని చుట్టూ ఉన్న సన్నని ఖాళీ నుంచి పొంగిన గంజి లోపలికి దిగుతుంది. మా కుక్కర్‌లో అలా దిగిన గంజి తీగల తొడుగుల మీద, వేడినిచ్చే కాయిల్ చివర్ల మీద పొరలు పొరలుగా ఎండి ఉంది. ఎండిన గంజి మళ్లీ తడిస్తే కరెంటుకు దారి ఇస్తుంది. దీనికి తోడు ప్లేటులో పోతపోసిన కాయిల్ చివర ఉండే సీలు ఒకటి పగిలింది. కాయిల్ తీగకూ దాని లోహపు గొట్టానికీ మధ్య కూరే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి మంచి ఇన్సులేటరే కానీ తేమను పీల్చుకునే గుణం ఉన్నది. సీలు పోతే వంటింటి ఆవిరి అంతా దానిలోకి చేరుతుంది. ఎండబెట్టాక కుక్కర్ కొన్ని పూటలు చక్కగా పనిచేసి మళ్లీ మొండికేయడానికి కారణం ఇదే. తీగలు ఒక్కొక్కటే విప్పి, కాయిల్‌ను విడిగా, థర్మోస్టాట్ వైపు తీగలను విడిగా, వెనుక సాకెట్‌ను విడిగా మెగ్గర్‌తో కొలిచి, లోపం ఎక్కడిదో ఖాయం చేసుకున్న తర్వాతే ఆయన ధర చెప్పారు. ప్లేటును వేడిచేసి ఆరబెడితే ప్రస్తుతానికి నడుస్తుందని, అయితే సీలు లేనందున వానాకాలంలో మళ్లీ వస్తుందని ముందే చెప్పడం ఆయన నిజాయితీ.

కొత్త హీటింగ్ ప్లేటుకు, తీగల తొడుగులకు, కూలికి కలిపి 650 రూపాయలు తీసుకున్నారు. అదే సైజు కొత్త కుక్కర్ కొనాలంటే రెండు వేలకు పైనే అవుతుంది కనుక ధర న్యాయమైనదే. బిగించిన తర్వాత అదే వేడి పరీక్ష మళ్లీ చేసి చూపించారు, ఈసారి ఆర్‌సీసీబీ కదలలేదు. ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి కుక్కర్ ఒంటి దాకా తీగ తెగకుండా ఉందో లేదో కూడా అడగకుండానే చూశారు. రెండుపూటలా అన్నం వండే ఇళ్లలో ఇంత పని చేసే ఈ వస్తువుకు ఎర్త్ చూసే వారు ఎంతమంది ఉంటారన్నది వేరే చర్చ.

లోటుపాట్లు లేకపోలేదు. రశీదు అడిగితే చిన్న కాగితం మీద మొత్తం మాత్రమే రాసి ఇచ్చారు. మెగ్గర్ రీడింగులు, వేసిన ప్లేటు వివరాలు అందులో లేవు. ప్లేటు కంపెనీది కాదు, మార్కెట్లో దొరికే రకం. ఆ మాట దాచలేదు గానీ గ్యారంటీ నోటిమాట మీదే ఆగింది. పని ఒప్పుకున్న రోజుకు పూర్తికాలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంటికి వచ్చి చూసే సదుపాయం లేదు. వస్తువు బాగానే ఉండి ఇంట్లోని ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజర్ల చిన్న చిన్న లీకేజీలన్నీ కలిసి ఆర్‌సీసీబీని అంచుకు చేర్చిన సందర్భమైతే ఆ కొలత ఇంట్లోనే జరగాలి కనుక ఈ దుకాణం వల్ల ఉపయోగం ఉండదు.

కుక్కర్‌ను మరమ్మతుకు ఇచ్చే ముందు ఇంట్లో చేయదగినది కొద్దిగానే ఉంది. ఆర్‌సీసీబీ ‘టెస్ట్’ మీట నొక్కితే అది పడుతోందా అని చూడాలి. అనుమానం ఉన్న వస్తువు ప్లగ్గు పీకి, ఆర్‌సీసీబీని ఎత్తి, అది నిలుస్తోందో లేదో గమనించాలి. నిలిస్తే అదే కుక్కర్‌ను అదే ఇంట్లో ఎర్త్ ఉన్న మరో సాకెట్‌లో పెట్టి చూడవచ్చు. ఎర్త్ లేని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఈ పరీక్ష చేయరాదు. అడుగు ప్లేటు విప్పడం ఇంటివాళ్ల పని కాదు. గిన్నె అడుగు తుడిచి పెట్టడం, గిన్నెలోని గీత దాటి నీళ్లు పోయకపోవడం, బియ్యం బాగా కడిగి గంజి పొంగును తగ్గించడం మాత్రం కొత్త ప్లేటుకు కూడా అవసరమేనని మెకానిక్ చెప్పారు.

మీట నొక్కి వండే సాధారణ రైస్ కుక్కర్లు, గీజర్లు, ఇస్త్రీ పెట్టెలు ఉన్నవారికి ఈ దుకాణాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఇండక్షన్ పొయ్యిలను, ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే కుక్కర్లను మాత్రం ఆయన తీసుకోరు. వాటికి కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్లాలి, వెళ్లినప్పుడు పరీక్షించే బోర్డుకు ఆర్‌సీసీబీ ఉన్నదా అని ముందుగా అడగాలి.