140 యూరోల గుడ్లగూబ, 35 యూరోల ఏనుగు

ముందు గుడ్లగూబ సంగతి చెప్తే గానీ నా కడుపుమంట చల్లారదు, కానీ అది చెప్పాలంటే మా ఆయన మినిమలిజం పిచ్చి గురించి చెప్పాలి. మ్యూనిక్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పట్నుంచీ తెల్ల గోడలు, ఒక చెక్క షెల్ఫ్, ఆ షెల్ఫ్ మీద గాలి. అంతే. రెండేళ్ళు పోట్లాడితే మూడు వస్తువులకి పర్మిషన్ వచ్చింది, మూడంటే మూడే, రంగులుండకూడదు, ప్లాస్టిక్ ఉండకూడదు. అప్పుడే నాకు ట్రావర్టైన్ అనే రాతితో చేసిన ఈ ఇటాలియన్ జంతువుల బొమ్మల పిచ్చి పట్టుకుంది. 1970ల్లో ఫ్లోరెన్స్ పక్కన సిగ్నా అనే ఊళ్ళో ఫ్రాటెల్లి మన్నెల్లి వాళ్ళు చేసినవి, ఏనుగు, ఎలుగుబంటి, పక్షి, కళ్ళూ ముక్కూ ఏమీ చెక్కకుండా ఉత్త ఆకారం మాత్రమే, రాయికి ఉన్న చిల్లులు కూడా అలాగే వదిలేస్తారు. ఆన్‌లైన్‌లో ఒక్కొక్కటి 250, 400 యూరోలు చెప్తున్నారు. ఆ డబ్బులతో ఇటలీయే పోయి రావచ్చు కదా అన్నా. అన్నదాన్ని ఊరుకోవచ్చు కదా.

అత్తమ్మ ఆళ్ళగడ్డ నుంచి మూడు నెలల వీసా మీద వచ్చి ఉన్నారు, ఆవిణ్ణి కూడా కార్లో ఎక్కించుకుని అక్టోబర్ మొదటి శుక్రవారం బయల్దేరాం. తొమ్మిది గంటల ప్రయాణం, ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో బ్రెన్నర్ దగ్గర ట్రాఫిక్, పులిహోర, ఇంకేం లేదు చెప్పడానికి.

మేం వెళ్ళింది ఇటలీలో అరెజ్జో అనే ఊరికి. ప్రతి నెలా మొదటి ఆదివారం, దానికి ముందు శనివారం అక్కడ పాత సామాన్ల సంత జరుగుతుంది, 1968లో ఇవాన్ బ్రుస్కి అనే ఆయన మొదలుపెట్టాడు, ఇప్పటికీ పియాజ్జా గ్రాందే అనే పెద్ద చౌకు చుట్టూ ఉన్న సందులన్నీ నిండిపోతాయి. ఆ రెండు రోజులూ రూములు దొరకవు, దొరికినవి ఎలా ఉంటాయో మాకు అర్థమైంది. మేం తీసుకున్నది రెండు బెడ్‌రూముల ఇల్లు, రాత్రికి 118 యూరోలు. తీరా వెళ్ళాక ఓనరు క్లీనింగ్‌కి 45 క్యాష్ ఇమ్మన్నాడు. మొదటి అంతస్తు అని రాసి ఉంది, ఎక్కితే మూడోది, లిఫ్ట్ లేదు, అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ ప్రతి మలుపులో ఆగి, "ఇంకా ఎంత పైకి నాయనా, స్వర్గానికా" అంటుంటే ఆ ఓనరు అర్థం కాక నవ్వుతున్నాడు. రాత్రి చలి. హీటింగ్ వెయ్యమంటే కుదరదన్నాడు, ఇందులో మాత్రం అతని తప్పు లేదు, ఇటలీలో కొండ ఊళ్ళకి తప్ప అక్టోబర్ మధ్య దాకా హీటింగ్ వెయ్యనివ్వరు. కానీ దుప్పట్లైనా ఇవ్వచ్చు కదా, బల్ల మీద వేసే గుడ్డంత పల్చగా ఉన్నాయి. అత్తమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని పడుకున్నారు, మా ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు.

కారులో వెళ్ళేవాళ్ళు ఊరి లోపలికి పోకండి, పర్మిట్ జోన్ కెమెరాలుంటాయి, ఫైన్ నెలల తర్వాత ఇంటికొస్తుంది. పియెత్రి పార్కింగ్‌లో పెడితే అక్కణ్ణుంచి చర్చి దాకా ఎస్కలేటర్లున్నాయి. ఊరు మొత్తంలో అత్తమ్మకి నచ్చిన మొదటి విషయం అదే.

శనివారం పొద్దున్న సంతలో కుర్చీలు, తాళాలు, రాగి గిన్నెలు అన్నీ చూసుకుంటూ ఒక సందులో షాపులోకి వెళ్ళాం. షాపంతా తెల్ల గోడలు, ఒక్కో వస్తువుకి ఒక్కో లైటు. మా ఆయన మొహం అప్పుడు చూడాలి, అచ్చం మన షెల్ఫే అన్నాడు. అక్కడుంది గుడ్లగూబ, 18 సెంటీమీటర్లు, లేత గోధుమ రంగు, చిల్లులు, కింద ఆకుపచ్చ గుడ్డ అంటించి ఉంది. కోటు వేసుకున్న పెద్దమనిషి "మన్నెల్లి, సెత్తాంతా, త్రావెర్తీనో" అన్నాడు, సెత్తాంతా అంటే డెబ్బైలు. 180 చెప్పి 140కి దిగాడు. అత్తమ్మ చేతిలోకి తీసుకుని, "ఏందమ్మా ఇది, ఇంత తేలిగ్గా ఉంది? అయినా గుడ్లగూబను ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా?" అన్నారు. ఆవిడ మొదటి మాట మేం వినలేదు, రెండో మాట పట్టుకుని మా ఆయన లక్ష్మీదేవి వాహనం అమ్మా అని క్లాసు పీకాడు. "మన వైపు కాదులే" అని ఆవిడ తన సంచిలో దాన్ని పెట్టనివ్వలేదు.

రాత్రి రూముకొచ్చి చూస్తుంటే గుడ్డ అంచు లేచింది. లాగాను. కింద సన్నగా ఒక గీత, రెండు సగాలు అతికించినట్టు. అప్పుడు చిల్లులు చూశా, ఎడమ రెక్క మీద ఉన్న చిల్లులు కుడి రెక్క మీద కూడా అద్దంలో చూసినట్టు అలాగే ఉన్నాయి! ట్రావర్టైన్ అంటే వేడి నీటి ఊటల దగ్గర సున్నం పొరలు పొరలుగా పేరుకుని ఏర్పడే రాయి, ఆ పొరల చారలు ఒక పక్క మొదలైతే రాయి లోపల్నుంచి పోయి అవతలి పక్క తేలాలి. దీని చారలు ముందువైపు ఉన్నాయి, వెనక ఆగిపోయాయి, రంగు వేసినవాడికి ఓపిక అయిపోయినట్టుంది. మా ఆయన ఇంజనీరు బుర్ర అప్పుడు లేచింది, ఆ ఇంటి వంటగదిలో కాటా ఉంటే తూచాడు, 940 గ్రాములు. పెద్ద కొలత జగ్గులో నీళ్ళు పోసి ముంచాడు, 600 మిల్లీలీటర్లు పైకి లేచింది. అసలు ట్రావర్టైన్ అయితే ఆ సైజుకి కనీసం కిలో నాలుగొందలు తూగాలి. పైగా అన్ని చిల్లులున్న రాయి నీళ్ళలో మునిగితే బుడగలు రావాలి, ఒక్కటి కూడా రాలేదు. రాతి పొడి, రెజిన్ అనే గట్టిపడే ప్లాస్టిక్ జిగురు కలిపి అచ్చు పోసిన బొమ్మ. అత్తమ్మ మంకీ క్యాప్‌లోంచి చూసి ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ఆదివారం పొద్దున్నే పోయి అడిగితే ఆ కోటాయన బిల్లు చూపించాడు. "ఒజ్జెత్తో దెకొరాతీవో" అని ఉంది, అలంకరణ వస్తువు అంతే, రాయి అన్న మాటే లేదు, సంవత్సరమూ లేదు. యూరప్‌లో పద్నాలుగు రోజుల్లో వాపసు అనేది ఆన్‌లైన్‌లో కొన్నవాటికి, షాపులో చేత్తో కొన్నదానికి ఆ హక్కు లేదు. వేరేది తీసుకోండి, పైన 90 కట్టండి అన్నాడు. మా ఆయన తెలుగులో ఏదో అన్నాడు, అది ఇక్కడ రాయను. మీరు కొనేటప్పుడు ఏ రాయో, సుమారు ఏ కాలమో బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే ఆ షాపు మెట్లు దిగెయ్యండి.

అప్పటికి నాకు ఏడుపొక్కటే తక్కువ. చౌకు కింది వైపు ఒకావిడ నేల మీద దుప్పటి పరిచి గొళ్ళాలు, గాజు సీసాలు, విరిగిన ఫ్రేములు పెట్టుకుని కూర్చుంది, వాటి మధ్య ఏనుగు. తొండం చివర కాస్త చిట్లింది. అత్తమ్మ నాకంటే ముందు వంగారు, మోకాళ్ళ నొప్పి గుర్తు రాలేదు. చేతిలో తూచినట్టు ఊపి, చేతి గాజుతో టక్ టక్‌మని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆళ్ళగడ్డలో శిల్పులు రాయిని ఉలి పెట్టే ముందు తట్టి వింటారట, పగులుంటే డొల్ల శబ్దం వస్తుందట, చిన్నప్పుడు వీధంతా ఆ చప్పుళ్ళేనట. "ఇది రాయే" అన్నారు. చారలు చూశా, ఒక చెవి దగ్గర మొదలై పొట్ట చుట్టూ తిరిగి ఇటు వచ్చాయి. పక్కన బార్‌లో టీకి ఇచ్చిన నిమ్మ ముక్క అడుగున పిండితే బుసబుస నురగ వచ్చింది (పైన పిండకండి, మచ్చ పడుతుంది, పైగా పాలరాతి పొడి కలిపిన నకిలీ కూడా కాస్త నురుగుతుంది, అందుకని నిమ్మకాయ ఒక్కదాన్నే నమ్మద్దు). 40 చెప్పింది, 35కి ఇచ్చింది. మన్నెల్లి ఏనుగా అంటే నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు, మా నాన్న ఇంట్లోది అంది. రూములో తూస్తే కిలో 650 గ్రాములు. నీళ్ళలో ముంచితే బుడగలే బుడగలు.

డెబ్బై ఏళ్ళు దాటిన పాత వస్తువులైతే ఇటలీ దాటించడానికి కాగితాల గొడవ ఉంటుంది, 1970ల బొమ్మలకి అంత గొడవ ఉండదు.

ఆ మధ్యాహ్నం భోజనం గురించి రాయకపోతే పాపం. పీచి అని లావుపాటి చేత్తో చేసిన నూడుల్స్, ఆల్యోనే అనే పెద్ద వెల్లుల్లి, టమాటా వేసి చేస్తారు, మాంసం ఉండదు. 11 యూరోలు, కూర్చున్నందుకు మనిషికి రెండున్నర అదనం. అత్తమ్మ పర్సులోంచి కారప్పొడి తీసి చల్లుకుని మొత్తం తిన్నారు, వడ్డించే కుర్రాడికి కూడా రుచి చూపించారు, వాడు రెండు నిమిషాలు మాట్లాడలేదు.

సోమవారం వోల్తెర్రా, రెండు గంటల డ్రైవ్. అది అలబాస్టర్ అనే మెత్తటి రాయికి పేరున్న ఊరు, రోమన్లకంటే ముందు అక్కడున్న ఎత్రుస్కన్ల కాలంలోనే ఆ రాయితో చితాభస్మం పెట్టే పెట్టెలు చెక్కారు, గ్వార్నాచ్చి మ్యూజియంలో వందలకొద్దీ ఉన్నాయి. నాకు గదులు గదులు తిరగాలనుంది, మా ఆయన రెండో గదిలోనే బెంచీ వెతుక్కున్నాడు. సందుల్లో వర్క్‌షాపుల ముందు తెల్ల పొడి, లోపల మనిషి కూడా తెల్లగానే. ఒక పెద్దాయన దగ్గర పిట్ట కొన్నాం, 28 యూరోలు. వింటేజా అని అడిగా, "పోయిన నెల" అన్నాడు! మూడు రోజుల్లో నేను విన్న మొదటి నిజం. అలబాస్టర్ ఎంత మెత్తనంటే గోరుతో గీత పడుతుంది, కడగకూడదు, నీళ్ళకి మెరుపు పోతుంది, పొడిగుడ్డతో తుడవమన్నాడు. ఇంకో మాట చెప్పాడు, అలబాస్టర్‌ని నీళ్ళలో వేడిచేస్తే లోపలి వెలుగు పోయి పాలరాయిలా తెల్లబడుతుందట, దాన్నే పాలరాయని అమ్మేవాళ్ళుంటారట. అనుమానమొస్తే అడుగున గోరుతో గీకి చూడండి, పాలరాయి గోరుకి లొంగదు.

ఇప్పుడు షెల్ఫ్ మీద ఏనుగు, పిట్ట. మూడో చోటు ఖాళీ, మా ఆయన అలాగే బాగుందంటున్నాడు. గుడ్లగూబని తలుపుకి అడ్డం పెడదామంటే బరువు చాల్లేదు, పావురాలు భయపడతాయని బాల్కనీలో పెట్టా. దాని నెత్తి మీదే కూర్చుంటున్నాయి.