గువాంగ్‌జౌలో 9 ఏళ్లుగా వీచాట్ మీదే వ్యాపారం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని హార్డ్‌వేర్ షాపులకు కబోర్డు హ్యాండిళ్లు, డ్రాయర్ చానల్స్ చైనాలోని గువాంగ్‌జౌ నుంచి పంపుతాను. నా ఆర్డర్లన్నీ ఇక్కడి మెసేజింగ్ యాప్ వీచాట్‌లోనే నడుస్తాయి. ఈమెయిల్ పెడితే మూడు రోజులకు వచ్చే జవాబు ఇందులో రాత్రి పదకొండుకైనా వస్తుంది. చైనీస్ మెసేజ్ మీద వేలు నొక్కిపెడితే అనువాదం కూడా చూపిస్తుంది.

ఆ అనువాదాన్ని నమ్మి మొదటి ఏడాదే దెబ్బతిన్నాను. చైనా కొత్త సంవత్సరానికి ముందే సరుకు ఓడెక్కాలి. 30 శాతం అడ్వాన్స్ కట్టేశాను. తేదీ అడిగిన ప్రతిసారీ ‘మెయ్ వెన్‌తి’ అని వచ్చేది, అంటే ‘సమస్య లేదు’. తీరా చూస్తే పనివాళ్లు అప్పటికే ఊళ్లకు వెళ్లిపోతున్నారు. ఫ్యాక్టరీ మళ్లీ గాడిలో పడేసరికి నెల దాటింది. ఆ టెన్షన్‌లో, యజమాని కూడా ఉన్న గ్రూపులోనే సేల్స్ అమ్మాయిని నిలదీశాను. ఆ రోజు నుంచి ‘హావ్ ద’, అంటే ‘సరే’, తప్ప ఆమె నుంచి మరో మాట లేదు. నలుగురిలో ఆమె ‘మియెన్‌జ’ తీశానని మరో వ్యాపారి చెప్పాడు. మన భాషలో పరువు. మన దగ్గరైనా ఎవరు భరిస్తారు? విడిగా ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఇప్పటికీ ఆమె దగ్గరే కొంటున్నాను.

ఇప్పుడు ‘కుదురుతుందా?’ అని అడగను. ‘ప్యాకింగ్ ఏ రోజు మొదలుపెడతారు? ఫొటో పంపుతారా?’ అంటాను. ‘ఆలోచించి చెబుతాం’ అంటే చాలాసార్లు కాదనే అర్థం. మామూలు చిరునవ్వు ఎమోజీ కూడా పెట్టను. ఇక్కడి కుర్రకారుకు అది ఎత్తిపొడుపులా కనిపిస్తుంది. పండక్కి గ్రూపులో 88 యువాన్ల ఎర్ర కవర్, అంటే యాప్‌లోనే ఇచ్చే డబ్బు కానుక, వేస్తాను. 4 అంకె మాత్రం రానివ్వను, దాన్ని పలికితే చావు అన్న మాటలా వినిపిస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. భారత్ 2020 జూన్‌లో నిషేధించిన 59 యాప్‌లలో వీచాట్ కూడా ఒకటి కాబట్టి, అక్కడి షాపులవాళ్లకీ ఫ్యాక్టరీకీ మధ్య ప్రతి మాటా నేనే మోయాలి. పాత చాట్ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ పోతే ఒప్పుకున్న రేట్లు, డ్రాయింగులు పోయినట్టే, అందుకే వాటిని విడిగా దాచుకుంటాను.

సరుకు నాణ్యత మీద పేచీ వస్తే మాత్రం వీచాట్‌లో ఒక్క ముక్క రాయను. మెట్రో ఎక్కి పక్క ఊరు ఫోషాన్‌లోని ఫ్యాక్టరీకి వెళ్తాను. టీ పోస్తే బల్ల మీద రెండు వేళ్లతో తడతాను, ఇక్కడ థ్యాంక్స్ చెప్పే పద్ధతి అదే. రెండు కప్పులు తాగాకే సంచిలోంచి పాడైన హ్యాండిల్ బయటికి తీస్తాను.